రామమూర్తి ఐదో మ్యాచ్

రామమూర్తికి ఊరికే కూర్చోవడమంటే ఒళ్ళు మంట. గూడ్సు బండి గార్డుగా ముప్పై ఎనిమిదేళ్ళు తిరిగిన మనిషి, పోయిన జూన్‌లో రిటైరై, ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడ్డ హిందీ ఊళ్ళో, దేవేంద్ర నగర్ ఇంట్లో సోఫాకి అతుక్కుపోయాడు. ఇంకో ఏడాది పనిచేస్తాను, ఎక్స్‌టెన్షన్ ఇవ్వండి మహాప్రభో అని అర్జీ పెట్టుకున్నాడు. కుదరదన్నారు. మెడలో దండ వేసి, చేతిలో గొడుగు పెట్టి సాగనంపారు. ఆ గొడుగు కంటబడితే ఇప్పటికీ ఆయనకి బీపీ పెరుగుతుంది.

అలాంటివాణ్ణి కూతురు ప్రీతి అమెరికా తీసుకెళ్ళి, అక్కడా బెంచీ మీదే కూర్చోబెట్టింది.

నిజం అమెరికా కాదులెండి, వీడియో గేములో. ప్రీతి ఊరికి దగ్గర్లోని సిల్తారాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది. పూణే హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఆమెకి అంటుకున్న పిచ్చి ఇది. అమెరికా కాలేజీ కుర్రాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతి కోసం ఒకర్నొకరు గుద్దుకు చచ్చే ఫుట్‌బాల్. ఆ గేములో మనమే ఒక ఆటగాణ్ణి తయారుచేసి, కాలేజీలో చేర్పించి, చదువయ్యేదాకా ఆడించుకోవచ్చు. ప్రీతి తన ఆటగాడికి తండ్రి పేరు పెట్టింది. నీలం చొక్కా వీపు మీద ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరు చూసుకుని రామమూర్తి మీసం దువ్వాడు. పక్కింటి ధనుంజయ్‌ని పిలిచి మరీ చూపించాడు. ధనుంజయ్ కూడా రైల్వే మనిషే, డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు.

తీరా ఆట మొదలయ్యాక చూస్తే, ఆ పేరున్న కుర్రాడు బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

"ఇదేటమ్మా? నన్ను దింపరా?"

"లేదు నాన్నా. ఈ సీజనంతా కూర్చోవాలి. దీన్ని రెడ్‌షర్ట్ అంటారు. ప్రాక్టీస్ మాత్రమే చెయ్యాలి. నాలుగు మ్యాచ్‌లదాకా ఆడొచ్చు, ఐదోది ఆడితే బస్, ఖతం. మత్లబ్ ఏంటంటే..."

ఆ మత్లబ్ ఆయన వినలేదు. కూర్చోవాలి అన్న మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి.

"నానేం తప్పు సేసానని? ఒక్కరోజైనా డ్యూటీకి లేటుగా ఎల్లానా?" అని టీవీలో ఉన్న కోచ్‌ని నిలదీశాడు. కోచ్ బబుల్‌గమ్ నములుతూ ఎటో చూశాడు.

ఆనాటి నుంచి పొద్దున్నే టీ దగ్గర ధనుంజయ్ పరామర్శలు మొదలయ్యాయి. "ఏటి గురూ, ఈ వారమైనా దింపారేటి?" రామమూర్తికి తల కొట్టేసినట్టయ్యేది. అరవై దాటిన తాను కూర్చున్నాడంటే అర్థం ఉంది, పద్దెనిమిదేళ్ళ ఆ కుర్ర రామమూర్తికి ఏం రోగం? కూతురి వెంటపడి సతాయించాడు. పోరు పడలేక ప్రీతి ఆ నాలుగు మ్యాచ్‌లలోనూ కాసేపు కాసేపు దింపింది. బటన్లన్నీ ఆమె చేతిలోనే. రామమూర్తి వంతుకి వచ్చింది కేకలు మాత్రమే. నాలుగూ అయిపోయాయి. కుర్రాడు మళ్ళీ బెంచీ ఎక్కాడు.

శనివారం ప్రీతి ఆఫీసుకి వెళ్ళింది. భార్య పైడమ్మ వంటింట్లో ఉంది. ధనుంజయ్ వచ్చి, టీవీలో రామమూర్తి పెట్టుకున్న గేముకేసి చూసి, "ఇంకా కూకునే ఉన్నావేటి గురూ?" అన్నాడు, పాపం జాలిగానే.

ఆ జాలి రామమూర్తి తట్టుకోలేకపోయాడు. గేము ఆడే రిమోట్ అందుకున్నాడు. ఆడతావా, కూర్చుంటావా అని తెర అడిగింది. కింద ఎర్ర అక్షరాలతో ఏదో హెచ్చరిక కూడా రాసింది. దారిలో ఎక్కడ మెల్లగా వెళ్ళాలో చెప్పే కాషన్ ఆర్డరు అక్షరం అక్షరం చదివితే గాని పచ్చజెండా ఊపని మనిషి, ఆ రెండు వాక్యాలూ చదవకుండానే బటన్ నొక్కేశాడు.

మొదటి బంతి జారవిడిచాడు. రెండోది పట్టుకుని తన జట్టు గీత వైపుకే పరిగెత్తాడు. "రాంగ్ లైన్ గురూ, రాంగ్ లైన్!" అని ధనుంజయ్ గొంతు చించుకున్నాడు. ఆ గోలకి పైడమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. చివరి నిమిషంలో బంతి మళ్ళీ చేతికొచ్చింది. రామమూర్తి కళ్ళు మూసుకుని, బొటనవేలు నొప్పెట్టేలా బటన్ నొక్కిపట్టాడు. కళ్ళు తెరిచేసరికి కుర్రాడు ఎదుటి జట్టు గీత అవతల పడి ఉన్నాడు, మీద జట్టంతా ఉంది, స్టేడియం హోరెత్తిపోతోంది. గెలిచారు! ధనుంజయ్ వాటేసుకున్నాడు. ఏం గెలిచారో తెలియని పైడమ్మ కూడా చప్పట్లు కొట్టింది. రామమూర్తికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే.

సాయంత్రం ఈ కథంతా విని ప్రీతి సోఫాలో కూలబడింది.

"అరే నాన్నా! ఐదోది ఆడేశావా? పూర్తిగా చెబితే వినవు కదా. కాలేజీలో నీకున్నది నాలుగు సీజన్లే. ఈ ఒక్కటీ కూర్చుంటే ఇది లెక్కలోకి రాదు. చివర్లో ఇంకో ఏడాది ఇస్తారు."

"చివర్లోనా?"

"అవును. నీతో చేరినవాళ్ళందరూ వెళ్ళిపోయాక కూడా నువ్వు ఆడొచ్చు. నువ్వు రైల్వేవాళ్ళని అడిగావు కదా, అలాంటిదే. అందుకే కూర్చోబెట్టాను."

రామమూర్తికి అప్పుడు వెలిగింది. ఎక్స్‌టెన్షన్! అర్జీ లేకుండా, ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా, కుదురుగా కూర్చుంటే చాలు వచ్చేది. తన చేత్తో తానే పోగొట్టుకున్నాడు.

తండ్రి ముఖం చూసి ప్రీతి మెత్తబడింది. "పర్వాలేదులే. మొన్నటిదాకా ఆడింది సేవ్ చేసి ఉంది. అక్కడికి వెనక్కి వెళ్ళిపోదాం. నీ ఏడాది నీకొచ్చేస్తుంది."

"మరి ఇయ్యాల నానాడిన మ్యాచో?"

"అది జరగనట్టే."

రామమూర్తి బొటనవేలు చూసుకున్నాడు. ఇంకా నొప్పిగానే ఉంది. జూన్ నుంచి ఏ ఏడాది కోసం లోపల్లోపల కుళ్ళిపోయాడో, ఆ ఏడాదిని కూతురు తెచ్చి ఎదురుగా పెట్టింది. తీసుకోబుద్ధి కావడం లేదు.

"వద్దమ్మా. ఒగ్గెయ్."

"సోచ్ లో నాన్నా. పూరా ఏడాది."

"ఆలోసించాను. ఎప్పుడో వచ్చే ఏడాది కోసం ఇయ్యాల్టి ఆట ఒగ్గేసుకోను. నాలుగేళ్ళు సాలు. టైమైతే దిగిపోతాను."

దిగిపోతాను అన్న మాట తన నోటివెంట అంత తేలిగ్గా రావడం ఆయనకే వింతగా అనిపించింది. ఛాతీ మీద నుంచి బరువు దించినట్టుంది.

"మీ నాన్న ఇయ్యాల రిటైరయ్యాడే," అంది పైడమ్మ కూతురితో.

రామమూర్తి పట్టించుకోలేదు. రిమోట్ అందుకుని, ప్రీతికి సోఫాలో చోటిచ్చి పక్కకి జరిగాడు. "నువ్వు కూకో. ఆరోది కూడా నానే ఆడతాను," అన్నాడు.