ఊరికే జరిగే పని

లెక్కల బావగారు చెడ్డమనిషని ఆమె ఎవరితోనూ అనలేదు. అనుకోవడం మాత్రం రోజూ అనుకునేది. మొగుడికి అన్న. ఉన్న ఒక్క ఇంట్లో పైవాటా ఆయనది, కిందవాటా తమ్ముడిది. ఇంటిపన్ను చెరిసగం, నీళ్ళ మోటారు కరెంటు చెరిసగం, వీధి గేటుకి రంగు కూడా చెరిసగమే. తల్లి ఒక్కతే పూర్తిగా తమ్ముడి వాటాకి వచ్చింది. తమ్ముడి వాటా అంటే తమ్ముడి పెళ్ళాం వాటా. పైన తోడికోడలికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగలేదు. సినిమాకి మాత్రం దిగుతుంది.

ఆ సాయంత్రం ఆమె అత్తగారిని పక్కకి ఒత్తిగిలించి కింద తడిసిన దుప్పటి లాగుతుంటే, బావగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఎన్నికల లెక్క తేలుస్తున్నాడు. నిచ్చెన గుర్తు వాళ్ళు గెలిస్తే ఇంటిపన్ను పూర్తిగా ఎత్తేస్తారట. గొడుగు గుర్తు వాళ్ళు పన్ను పెంచుతామని మొహాన చెప్పి మరీ ఓటు అడుగుతున్నారు. ఆ డబ్బుతో పేటకొక పగటి ఇల్లు కడతారట. మంచాన పడ్డ ముసలివాళ్ళని పొద్దున్నే బండిలో తీసుకెళ్ళి, స్నానం చేయించి, మందులిచ్చి, సాయంత్రం దింపుతారట. తమ్ముడు నవ్వాడు. అన్న నవ్వలేదు, ఆయన లెక్కల్లో నవ్వడు.

"మన జేబులోంచి తీసి ఆయాలకి జీతాలివ్వాలా? ఆ పని మనింట్లో ఊరికే జరుగుతోందిగా," అన్నాడు.

దుప్పటి చుట్ట చంకన పెట్టుకుని ఆమె ఆయన పక్కనుంచే పెరట్లోకి వెళ్ళింది. కాళ్ళు పక్కకి తీసుకుని దారి ఇచ్చాడు, ఆ మర్యాద ఉంది. దుప్పటి నానబెడుతూ ఆమె ఆ మాటనే నలుపుకుంది. ఊరికే. పెళ్ళికి ముందూ, పెళ్ళయిన కొత్తలోనూ కళ్ళద్దాల షాపులో పనిచేసేది. అద్దాన్ని ఫ్రేముకి సరిపడా అరగదీసి బిగించే పని. అత్తగారికి చూపు పోయి, తర్వాత నడుము కూడా పడిపోయినప్పుడు, "నీకొచ్చే జీతమెంతని, మానెయ్" అన్నాడు మొగుడు. మానేసింది. అప్పట్నుంచి పగలు కునుకు తీస్తే పిలుపు, స్నానానికి వెళ్తే పిలుపు. చెల్లెలి పురిటికి వెళ్తే సాయంత్రానికి తిరిగొచ్చెయ్యాలి. "పొద్దస్తమానం ఇంట్లో ఉండేదానివేగా" అని మొగుడూ, "నువ్వు అలవాటు పడ్డావమ్మా" అని బావగారూ. అలవాటు పడిందని ఎవరు చెప్పారు? అత్తగారి మీద ఆమెకి కోపం లేదు. ముసలామె ఏమన్నా కావాలని పడిందా? కానీ ఒక్కోసారి ఆ పిలుపు వినగానే ఒళ్ళు భగ్గుమనేది, వెంటనే తన మీద తనకే రోత పుట్టేది. ఆ పగటి ఇల్లు వస్తే ఈ రెండూ తప్పుతాయి. రాకపోతే తన పగళ్ళు ఇలాగే తెల్లారిపోతాయి.

పోలింగు నాడు చక్రాల కుర్చీలో ముసలామెని తీసుకెళ్ళారు. చూపు లేనివాళ్ళకి తోడుగా ఒకరిని లోపలికి రానిస్తారు. బావగారు తనే వెళ్తానని చొక్కా సర్దుకున్నాడు.

"కోడల్ని రానీ," అంది ముసలామె. "నన్ను పట్టుకోవడం దానికే తెలుసు."

మొగుడు చెవి దగ్గరికి వచ్చి, నీదీ అమ్మదీ రెండూ నిచ్చెనకేనని గుర్తు చేశాడు. ఆమె తలూపింది.

ఆమె అట్టతెర వెనక్కి కుర్చీ తోసుకెళ్ళింది. తన ఓటు సంగతి ఎప్పుడో తేల్చుకుంది. అత్తగారి ఓటు సంగతి కూడా తేల్చుకునే వచ్చింది. ముసలామె నిచ్చెన అన్నా సరే, ముద్ర గొడుగు మీదే పడుతుంది. ఎవరు చూడొచ్చారు? గుడ్డి మనిషి ఓటు దొంగిలించానన్న మాట చచ్చేదాకా కడుపులో పెట్టుకు తిరగాలి, తిరుగుతుంది.

"గొడుగెక్కడుందో చూసి వెయ్యి, అమ్మాయ్," అంది అత్తగారు గుసగుసగా.

ముద్ర చేతిలో ఆగిపోయింది. "బావగారు నిచ్చెనన్నారు కదా, అత్తయ్యా."

"నాకు పోయింది కళ్ళు, చెవులు కాదు. పన్ను కట్టేది వాళ్ళు, నన్ను కడిగేది నువ్వు. వాళ్ళ లెక్క నాకెందుకు?" ఆగి, ఇంకా గొంతు తగ్గించింది. "పైగా అక్కడ నా ఈడు వాళ్ళుంటారట. నీకు నేనూ, నాకు నువ్వూ మొహం మొత్తేశాం."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపు. దొంగతనం చెయ్యాల్సిన అవసరం లేకుండా పోయినందుకు, గుండెల మీద నుంచి ఎవరో తిరగలి దించినట్టయింది. ముద్ర సరిగ్గా గొడుగు మధ్యన వేసింది. తర్వాత తన ఓటు కూడా.

గొడుగు గెలిచింది. కట్టడాలూ టెండర్లూ అని ఏడాది నాన్చి, చివరికి ఒకరోజు పొద్దున్నే బండి వచ్చి గేటు ముందు ఆగింది. అత్తగారు ఇస్త్రీ చీర కట్టించుకుని మరీ ఎక్కింది. ఆ మొదటి పగలు ఆమె తలుపు గడియ వేసి నిద్రపోయింది. ఎంతసేపంటే, మొగుడు వచ్చి తలుపు బాదేదాకా. మరుసటి వారం కళ్ళద్దాల షాపుకి వెళ్ళి అడిగింది. పాత ఓనరు కొడుకు మధ్యాహ్నం దాకా రమ్మన్నాడు.

పెరిగిన పన్ను రసీదుతో బావగారు కిందికి దిగిన పూట ఆమె చెప్పులు వేసుకుంటోంది. కొంప మునిగిందన్నాడు. ఇలాంటి వాళ్ళకి ఓట్లేసిన బుద్ధిలేని వాళ్ళెవరో కనపడితే కడిగేద్దును అన్నాడు. మొగుడు పక్కనే నిలబడి అవునవునంటున్నాడు.

"ఎంత పెరిగింది, బావగారూ?"

ఆయన లెక్క ఆమె అడగడం అదే మొదలు. ఇన్నాళ్ళూ ఆమె ఆ అంకె చాలా పెద్దదనుకుంది. ఒక మనిషి పగళ్ళన్నిటికీ అడ్డుపడ్డ అంకె కదా, ఇల్లు అమ్ముకోవాల్సినంత ఉంటుందనుకుంది. ఆయన రసీదు కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, ఒక్కో అక్షరం పళ్ళ మధ్యన కొరుకుతూ చదివాడు. ఏడాదికి, ఇద్దరన్నదమ్ములకీ కలిపి, మూడు వేల నూట అరవై.