తెరకొయ్య మీద లోర్నా

"తేలికైనదానివి నువ్వే కదా, లోర్నా" అన్నాడు వెండెల్, కాన్వాసు ఉయ్యాల పీటను భార్య చేతికిస్తూ.

ఇరవై ఆరేళ్లుగా ఇదే మాట. తెరచాపను నిలబెట్టే తెరకొయ్య చిట్టచివర దీపం మాడిపోయినా, పైన గిరకలో తాడు ఇరుక్కున్నా, ఆ పీటలో కూర్చుని పైకి వెళ్లేది లోర్నాయే. కింద నుంచి తాడు లాగేది వెండెల్. సాయంత్రం పడవల యార్డు భోజనాల్లో, పళ్లెంలో బీన్సు పెట్టించుకుంటూ "పైదీపం మార్చేశాను" అని చెప్పుకునేదీ వెండెలే. లోర్నా పక్కనే కూర్చుని బ్రెడ్డు కోస్తూ ఉండేది.

పాత పడవ అమ్మేసి ఈ పడవ కొని మూడు వారాలైంది. అక్టోబరు వచ్చేసింది, అమెరికా ఉత్తరాన మెయిన్ రాష్ట్ర తీరంలో పొద్దున్నే డెక్కు మీద మంచు పేరుకుంటోంది. గాలులు ముదిరేలోగా పడవ ఫ్లోరిడా చేరాలి. వర్జీనియా దాటాక తీరం లోపలి కాలువల్లో నింపాదిగా పోవచ్చు, కానీ అక్కడి వంతెనలు నీటి మీద నుంచి అరవై అయిదు అడుగులు దాటిన తెరకొయ్యను పోనివ్వవు. లేదంటే బయట సముద్రమే గతి. వారం రోజులు వెండెల్, అతని తమ్ముడు మెర్ల్ లోర్నా వంటింటి బల్ల మీద సముద్ర పటాలు పరిచి వాదించుకున్నారు. ఆమె ఆ పటాల చుట్టూ సూపు గిన్నెలు పెట్టింది, తీసింది. చివరికి వాళ్లే తేల్చారు. కాలువలైతే లోర్నా రావచ్చు, వంట ఉంటుంది కదా. సముద్రమైతే అన్నదమ్ములిద్దరే వెళ్తారు, లోర్నా ముసలి కుక్కనూ పూలకుండీలనూ కారులో వేసుకుని ఫ్లోరిడాలో కలుసుకోవాలి.

"ఊళ్లో ఆడవాళ్లంతా అలాగే వెళ్తారు వదినా, నీకొచ్చిన కష్టమేంటి?" అన్నాడు మెర్ల్.

అసలు ఈ పడవను కనిపెట్టిందే లోర్నా. కప్పిన పట్టా కింద దుమ్ము కొట్టుకుని ఉంటే, అడుగుభాగమంతా చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి విని, "ఇది గట్టిది" అన్నది ఆమె. అది తను లేకుండా సముద్రం మీదికి వెళ్లిపోవడం ఆమెకు ఇష్టం లేదు. కాలువల దారే ఖాయం కావాలని మనసులో మొక్కుకుంది.

ఇప్పుడు తెరకొయ్య ఎత్తు కొలవడానికి పైకి వెళ్తోంది. ఆమె పని చూసి తీరాల్సిందే. తొందర లేదు, తడబాటు లేదు. దారిలో ప్రతి మేకునూ, ప్రతి ముడినీ వేలితో తడిమి చూసుకుంటూ పోతోంది. కింద వెండెల్ తల వంచుకుని తాడు చుడుతున్నాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తలెత్తి చూడలేదు. ఎత్తంటే అతనికి పడదు, మేడమెట్లు కూడా గోడ పట్టుకునే దిగుతాడు. ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. తేలికైనదానివన్న మాటతో ఇద్దరూ కలిసి దాన్ని కప్పిపెట్టారు.

చివరికి చేరి టేపు కిందికి వదిలింది. డెక్కు దాకా అరవై రెండు. డెక్కు నుంచి నీళ్ల దాకా నాలుగని పొద్దునే కొలిచి పెట్టుకుంది. అమ్మినవాడి కాగితంలో ఉన్నది మొత్తం అరవై నాలుగు. అదే చెప్పేస్తే తనూ వెళ్తుంది. ఒక్క క్షణం ఆశ పుట్టింది కూడా. కానీ ఆ అబద్ధం ఏదో ఒక వంతెనకు తగులుతుంది, విరిగేది తను మెచ్చి తెచ్చుకున్న పడవ.

"అరవై ఆరు!" అని అరిచింది.

"అయితే సముద్రమే!" అన్నాడు మెర్ల్ హుషారుగా. "కారు టైర్లు చూపించుకో వదినా!"

వెండెల్ ఆమెను దించబోయాడు.

"ఆగు వెండెల్. తీరానికి వంద మైళ్ల దూరంలో ఇక్కడ తాడు ఇరుక్కుంటే ఎవరెక్కుతారు?"

మెర్ల్ తన పొట్ట తట్టుకున్నాడు. "నన్ను లాగాలంటే క్రేను కావాలి. అన్నయ్య ఉన్నాడుగా! పోయినేడు పాత పడవలో దీపం మార్చింది ఎవరనుకున్నావు?"

లోర్నా చెప్పేయగలదు. ఒక్క మాట చాలు. కోపం కూడా తక్కువేం లేదు. కానీ తమ్ముడి ముందు మొగుణ్ణి చిన్నబుచ్చడానికి నోరు రాలేదు. అలాగని ఈసారి అతని తరఫున దాచనూ దాచలేదు. తెరకొయ్యను పట్టుకుని, గాలికి ఊగుతూ, ఊరికే ఎదురు చూసింది.

వెండెల్ తలెత్తాడు. మొదటిసారి. మొహం పాలిపోయింది, రెండు చేతులూ తాడును బిగించి పట్టుకున్నాయి.

"అది మార్చింది లోర్నా" అన్నాడు. "ఎప్పుడూ లోర్నాయే. నావల్ల కాదు మెర్ల్. నాకు భయం."

పైన లోర్నాకు కళ్లు చెమర్చాయి. ఆ మనిషిని ఇంత ఇష్టపడి చాలా ఏళ్లయింది.

"ఇప్పుడు దించు" అంది.

డెక్కు మీద పాదం మోపి, పీట బెల్టు విప్పుకుని, జేబులోంచి కారు తాళాలు తీసి మెర్ల్ అరచేతిలో పెట్టింది.

"కుక్కకు కిటికీ పక్క సీటే కావాలి. కుండీలకు రెండు రోజులకోసారి నీళ్లు పొయ్యి."