పీట మీది నాలుగోవాడు

నేను ఒక సీసపు సిపాయిని. వేలెడంత ఎత్తు, చేతిలో విల్లు, మీసం లేని గడ్డం. నన్ను పోత పోసింది అనంతపురంలో రిటైరైన డ్రాయింగ్ మాస్టారు దస్తగిరి. వంటింట్లో పాత గరిటెతో సీసం కరిగించి మూసలో పోశాడు. ఆ గరిటె మళ్ళీ పప్పుగిన్నె దగ్గరికి తేనని ఆయన భార్య ముందే ఒట్టు వేయించుకుంది. ఎప్పుడో చచ్చిపోయిన వాళ్ళ యుద్ధం మళ్ళీ చేయడానికి మనుషులు ఇంత శ్రమపడతారని నాకు పుడుతూనే తెలిసింది.

దస్తగిరికి ఈ పిచ్చి అంటించింది ఆయన స్నేహితుడు ప్రహ్లాదరావుగారు, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ రావుగారి మేడగదిలో తల్లికోట యుద్ధం ఆడేవారు. రెండు బల్లలు కలిపి, దుప్పటి పరిచి, దాని కింద లావుపాటి పుస్తకాలు దూర్చి గుట్టలు లేపేవారు. రాయల సైన్యం రావుగారిది, సుల్తానులది దస్తగిరిది. పాచికలు వేసి, టేపుతో కొలిచి మమ్మల్ని నడిపించేవారు. ఈ ఆట ఆడే మిగతా ఊళ్ళలో గోరంత బొమ్మలు చాలునట. మావాళ్ళిద్దరికీ చత్వారం, అందుకే మేము ఇంత పెద్దగా పుట్టాం.

ఒక్కొక్కరినీ విడిగా కదపాలంటే ఆట ఎప్పటికీ తెమలదు. అందుకని నలుగురేసి సిపాయిలను ఒక చెక్కముక్క మీద అతికించేవారు. దాన్ని పీట అనేవారు. పాదాల కింద గట్టి బంక పెట్టి, చుట్టూ పెన్నేటి ఇసుక చల్లి, ఆరాక రంగు వేస్తే మేము ఆ నేల మీదే పుట్టి పెరిగినట్టు కనిపించేవాళ్ళం. ఒక పీట మీది వాళ్ళు కలిసే నడవాలి, కలిసే పడిపోవాలి. మధ్యలో ఒకణ్ణి తీయడమనేది లేదు. ఆ గదిలో అది చట్టం.

నన్ను అతికించింది రాయల పీట మీద. నా పక్క ముగ్గురూ నామాలు పెట్టుకున్న బంట్లు. రాయల కొలువులో ముసల్మాను విలుకాళ్ళు ఉండేవారని దస్తగిరికి చెప్పింది రావుగారే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ పాఠమే చెప్పారు, వెనక బెంచీలు కునుకు తీస్తుంటే. దస్తగిరి మాత్రం శ్రద్ధగా విన్నాడు. నా గడ్డానికి రంగు వేయడానికే ఒక సాయంత్రమంతా కూర్చున్నాడు. “మావోడు గూడా ఈ పక్క ఉండాడు సార్” అని నన్ను ఎత్తి చూపించి మురిసిపోయాడు. నాకూ గర్వంగానే ఉండేది.

ఆ ఏడు పట్టణ ఉత్సవాల సంఘం వాళ్ళు మా యుద్ధాన్ని కల్యాణమండపంలో ఆడి చూపించమన్నారు. రావుగారికి శాలువా కప్పి సన్మానం చేస్తామన్నారు. బతుకంతా చరిత్ర చెప్పినా ఆయన మాట ఎవరూ విన్న పాపాన పోలేదు. ఆ కబురు వచ్చాక ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ రోజు ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, తాడు పట్టి వరసలు సరిచూసుకుంటూ మమ్మల్ని నిలబెట్టారు. ముందు ఫిరంగులు, వాటి వెనక మేము, పక్కన గుర్రాలు. చూడముచ్చటగా ఉన్నాం. ఇంతలో సంఘం అధ్యక్షుడు వచ్చి, బల్ల చుట్టూ తిరిగి, నా దగ్గర ఆగి వంగాడు.

“ఈ గడ్డమాయప్ప మన పక్క ఎందుకుండాడు సార్?” అన్నాడు.

జవాబు రావుగారికి కంఠతా వచ్చు. నేను ఎదురుచూశాను. దస్తగిరి కూడా తాడు చేతిలో పట్టుకుని ఎదురుచూశాడు. రావుగారు వేదిక మీద పళ్ళెంలో మడిచిపెట్టిన శాలువా వైపు ఒకసారి చూశారు.

“మా దస్తగిరి పొరపాటున అతికించినట్టుండాడు. తీసేస్తాంలెండి” అన్నారు.

దస్తగిరి సంచిలోంచి చిన్న కత్తి తీసి బల్ల మీద పెట్టాడు. “నన్ను తియ్యమంటారా సార్, మీరే తీస్తారా?” అని అడిగాడు.

రావుగారే అందుకున్నారు. “ఏమనుకోవద్దప్పా, ఈ ఒక్క పూటకే” అని గొణుగుతూ నా అరికాళ్ళ కింద కత్తి దూర్చారు. బంక దస్తగిరి పెట్టింది, అంత తేలిగ్గా వదలదు. నేను చీలమండల దగ్గర విరిగాను. పాదాలు రెండూ పీట మీదే ఉండిపోయాయి. అధ్యక్షుడు నన్ను తీసుకెళ్ళి సుల్తానుల వైపు నిలబెట్టబోయాడు. ఎంత ప్రయత్నించినా పడిపోతుంటే విసుగొచ్చి బల్ల కింద పడేశాడు. అప్పటి నుంచి ప్రహ్లాదరావుకు గారు తగిలించాలంటే నాకు నోరు రావడం లేదు.

దస్తగిరి గొడవ పెట్టుకోలేదు. తన సైన్యాన్ని తాను నడిపించాడు. శాలువా కప్పినప్పుడు అందరితో పాటు చప్పట్లు కూడా కొట్టాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాట అని ఉంటే నా కడుపు చల్లబడేది. ఆట అయ్యాక బల్ల కిందికి వంగి నన్ను వెతికి జేబులో వేసుకున్నాడు.

కొన్నాళ్ళకు ప్రహ్లాదరావు మా పీట పట్టుకుని దస్తగిరి ఇంటికి వచ్చాడు. దాని మీద ముగ్గురు బంట్లు, నా పాదాలు. ఎప్పటిలాగే అతికించమన్నాడు. దస్తగిరి ఆయనకు టీ ఇప్పించి, పీటను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అతికిస్తే అతుక్కుంటాడు సార్. రేపు ఇంగొకరు అడిగితే మళ్ళా మీరే కత్తి పట్టుకుంటారు.”

ప్రహ్లాదరావు టీ తాగి, పీట తీసుకుని వెళ్ళిపోయాడు. దస్తగిరి ఆ మేడ ఎక్కడం మానేశాడు. నేను ఆయన కుంచెల డబ్బాలో పడుకుని ఉన్నాను.

మొన్న కూరల మార్కెట్‌లో ప్రహ్లాదరావు భార్య కనబడి దస్తగిరి భార్యతో గోడు చెప్పుకుందట. ఆదివారం మధ్యాహ్నం ఆయన తలుపేసుకుని ఒక్కడే ఆడుతున్నాడట. రాయల తరఫున ఒకసారి పాచిక వేసి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, సుల్తానుల తరఫున ఇంకోసారి వేస్తున్నాడట. కిందికి దిగాక, ఇవాళ ఎవరు గెలిచారని ఆమె అడిగితే, “నేనే” అంటున్నాడట.