కండెల గంపలోని మాత్రలు

సిరిసిల్లలో సాంచెలనే మరమగ్గాల చప్పుడు తెల్లవారకముందే మొదలవుతుంది. ఆ చప్పుడు వింటూ అరుగు మీద నూలు కండెలు చుట్టే రుక్కమ్మకు కొన్నాళ్లుగా చేయి ఆడుతున్నా మనసు నిలవడం లేదు. అడవిలో నక్సలైటు అన్నలు, ఊరిలో పోలీసులు. ఇద్దరు మాట్లాడుకుంటే మూడవవాడు చెవి ఒగ్గే కాలమది.

నిన్న ఆమె సద్ది తీసుకొని కార్ఖానాకు పోతే భర్త దశరథం సాంచెల దగ్గర లేడు.

"ఏం రుక్కమ్మా, నీ మొగడు మాటిమాటికి గోడెన్కకు పోతుండు. ఆడ ఎవ్వలనన్న కలుస్తుండా?" అని కార్ఖానా నడిపే ఆసామి విఠల్ నవ్వినాడు. అది వట్టి పరిహాసము కాదని ఆమెకు తోచింది.

నేడు కండెల గంప అడుగున ఒక పొట్లం చేతికి తగిలింది. విప్పితే తెల్లని మాత్రలు. జ్వరమన్నది ఎరుగని మనిషికి ఇన్ని మాత్రలెందుకు? అడవికి మందులు పంపుతున్నాడని మొన్ననే పక్క వాడకట్టులో ఒకనిని జీపు ఎక్కించుకొని పోయినారు. రుక్కమ్మ కొండగట్టు అంజన్నను తలచుకొని పొట్లాన్ని పొయ్యిలో వేసింది. భర్తను అడగలేదు. అడిగితే నిజం తెలుస్తుంది. తెలిసిన నిజాన్ని పోలీసుల ముందు దాచడం తన వల్ల కాదనుకున్నది.

దశరథమూ అడగలేదు. కండెల కోసం వచ్చిన విఠల్ మనిషే పొట్లం తీశాడని అతని శంక. మళ్లీ కొనబోతే ఎవరైనా చూస్తారని భయం. కొన్నాళ్లకే పాదాలు ఉబ్బినవి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చోసాగినాడు. ఒక ఉదయం అతని పెదవులు నల్లబడడం చూసి, రుక్కమ్మ రిక్షాలో వేసుకొని తాజుద్దీన్ డాక్టరు దవాఖానాకు పరుగెత్తింది.

సూది వేసిన తరువాత మూత్రం ధారాళంగా పోయి ఆయాసం నెమ్మదించింది.

"నేనిచ్చిన మాత్రలెందుకు బంద్ జేసినవయ్యా?" అని డాక్టరు గద్దించినాడు.

"ఎవలో ఎత్కపోయిండ్రు సాబ్."

"నేనే పొయ్యిలేసిన!" అని రుక్కమ్మ బావురుమన్నది. "అన్నలకు పంపుతున్నవనుకున్న. ఒక్క మాట చెప్పకపోతివి!"

"పానం బాగలేదంటె విఠల్ నా సాంచెలు ఇంకొకనికిస్తడని చెప్పలే. నువ్వన్న అడగకపోతివి!"

"మంచి జోడి దొరికిండ్రు నాకు," అని డాక్టరు కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. "ఇనమ్మా. ఈయన గుండె బలం తగ్గింది. గట్లయితె మూత్రపిండాలు ఉప్పును, నీళ్లను ఒంట్లనే ఆపుకుంటయి. గా నీళ్లు కాళ్లల్లకు దిగుతయి, ఊపిరితిత్తులల్ల నిండుతయి. గీ మాత్ర ఉప్పును మల్ల రక్తంలకు రానియ్యదు. ఉప్పెంట నీళ్లు గూడ మూత్రంల పోతయి. గందుకే గోడెన్కకు పోవుడు. బీపీ ఉన్నోళ్లకు గూడ గిసొంటి మాత్రలిస్తం. పొద్దుగాల ఏసుకోవాలె, కూరల ఉప్పు తగ్గియ్యాలె. కాళ్లుబ్బినయని ఎవ్వలకు వాళ్లు మింగద్దు. నీళ్లు, లవణాలు మస్తుగ పోతె పానం మీదికొస్తది."

దశరథం లేచి తిరగగలిగిన నాడు రుక్కమ్మే ముందు నడిచి కార్ఖానాకు పోయింది. అందరూ వినేటట్టు సంగతి చెప్పింది.

విఠల్ తల గోక్కున్నాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్తె అయిపోవుగద! నీ సాంచెలు యాడికి పోతయి?"

"ఆయన్నడుగుడు ఇడిసిపెట్టి నన్ను జూసి నవ్వితివి గద పటేలా! నేను గూడ అడగకనే పొయ్యిల ఏస్తి," అన్నది రుక్కమ్మ.

చదువరులారా! భగవంతుడు ఒంటిలోని నీటికే బయటికి ఒక దారి ఏర్పరచినాడు. మనసులోని సందేహానికి ఆయన ఇచ్చిన దారి నోరు. రోగమును దాచకండి, అనుమానమును అడగక మోయకండి.