పెళ్ళికార్డు ప్యాకింగ్

పెళ్ళయిన రెండు నెలలకు మొగుడితో పుట్టింటికొచ్చిన పిచ్చుక, చేతిసంచీ కూడా దించకుండా ముందు షెడ్డులోకి పరిగెత్తింది. ఇల్లూ షెడ్డూ ఒకే గోడకి అటూ ఇటూ. అటువైపు వంటగది, ఇటువైపు విప్పి పరిచిన ఇంజిన్లు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ నోరు మూతపడదని తండ్రి పెట్టిన పేరు పిచ్చుక. డిగ్రీ పట్టా చేతికొచ్చినా, పెళ్ళయి ఓ ఇంటిదైనా ఆ పేరు ఆమెను వదల్లేదు. కొత్త మొగుడు లెక్కల మాస్టారు. వారం తిరక్కుండానే ఆయన కూడా ఆ పేరే అందుకున్నాడు.

షెడ్డు మధ్యలో నల్లటి పాత మోటార్‌సైకిల్ స్టాండు వేసి ఉంది. తండ్రి ఇరవై రెండేళ్ళు నడిపిన బండి. ఇప్పుడు అల్లుడికిస్తున్నాడు. ట్యాంకుకి రంగు వేయించాడు. కార్బురేటరు ముక్కముక్కా ఊడదీసి, కడిగి, కొత్త జెట్లూ కొత్త ఫ్లోటూ వేసి మళ్ళీ బిగించాడు. రేపు పొద్దున్న దీనిమీదే ఇద్దరూ తమ ఊరు వెళ్ళాలి. ఆ వెనక సీటు మీద కూర్చుని ఎనభై కిలోమీటర్లు ఏమేం కబుర్లు చెప్పాలో పిచ్చుక బస్సులోనే జాబితా వేసేసుకుంది.

"వచ్చారా? పెళ్ళికూతురు ఇంకా ముస్తాబు కాలేదు," అన్నాడు తండ్రి బండి వైపు చూపించి.

"అలిగిందా నాన్నా?"

"అలకా! ఎనిమిది రోజులుగా నా దుంప తెంచుతోంది. స్టార్టవుతుంది. యాక్సిలేటర్ వదిలేస్తే దిగిరాదు, అరుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎయిర్ స్క్రూ ఎటు తిప్పినా నీకేం నాకేం అన్నట్టుంటుంది."

"గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళలో తేడా ఉందేమో మావయ్యా," అన్నాడు మాస్టారు, చెప్పులు గ్రీజులో పడకుండా చూసుకుంటూ.

"ఆ ముక్క నాకు ముప్ఫయ్యేళ్ళుగా తెలుసండీ మాస్టారూ. ఎన్ని పాళ్ళో లెక్కగట్టి చెప్పండి, అలాగే పోసేస్తా."

పిచ్చుక పగలబడి నవ్వింది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు ఎర్రబడటం చూడటానికైనా ఆయన్ని రోజుకోసారి ఎవరైనా ఆటపట్టించాలని ఆమె కోరిక.

ఆ పేటలో ఆమె తండ్రిని చెవి మేస్త్రి అంటారు. మిగతా మెకానిక్కులు ఇంజిన్ విప్పి రోగం వెతుకుతారు. ఈయన మూరెడు రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర ఇంజిన్ చుట్టూ తిప్పి, విప్పకుండానే చెప్పేస్తాడు. పెట్రోలు ఎక్కువైతే బండి దగ్గుతుంది. పాళ్ళు కుదిరితే గురక పెడుతుంది. ఎక్కడైనా సందులోంచి దొంగగాలి పీలిస్తే ఈల వేస్తుంది. దగ్గు, గురక, ఈల. పిచ్చుక ఎక్కాలకంటే ముందు నేర్చుకున్నది ఈ మూడు మాటలే.

"ఇందాకే పెట్రోలు పోసే జెట్టు ఒక సైజు పెద్దది వేశా. చూడు," అని తండ్రి కిక్కు కొట్టాడు. బండి లేచింది. గొట్టం చెవిలో పెట్టుకుని, రెండో చివర కార్బురేటరూ ఇంజినూ కలిసే చోట ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు.

పిచ్చుకకి గొట్టం అక్కర్లేకుండానే వినపడింది. సన్నగా, సూదిలా, తెరిపి లేకుండా ఈల.

"ఈల లేదు," అన్నాడు తండ్రి కళ్ళు తెరిచి. "ఉంటే మొదటిరోజే పట్టేసేవాణ్ణి. గాలి సంగతి కాదు. జెట్టే."

"చాల్లే నాన్నా. నాకు పరీక్ష పెడుతున్నావా?"

"పరీక్షేంటి?"

ఆయన ముఖంలో ఆటలేదు. గొట్టం చివర సరిగ్గా ఆ సందు మీదే ఉంది. పిచ్చుక పెదాల మీది నవ్వు అక్కడే ఆగిపోయింది. ఈ రెండు నెలలూ ఫోన్లో ఆయన గొంతు పెంచి మాట్లాడుతుంటే సిగ్నల్ బాగాలేదనుకుంది. చెప్పిందే మళ్ళీ చెప్పించుకుంటుంటే తన గొంతు వినాలని ముచ్చటపడుతున్నాడనుకుంది.

బండి ఎప్పటిలాగే కాసేపు అరిచి ఆగిపోయింది. "అల్లుడికి టీ కూడా ఇవ్వకుండా నిలబెట్టేశాను," అంటూ తండ్రి చేతులు తుడుచుకుని వీధి చివరికి వెళ్ళాడు.

పిచ్చుక బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు ఇనప ముఖాల మధ్య గాలి దూరకుండా ఒక పలచటి పలక పెట్టి బిగిస్తారు. దాన్ని ప్యాకింగ్ అంటారు. మామూలుగా అది బూడిదరంగులో ఉంటుంది. ఇది గోధుమరంగులో నున్నగా మెరుస్తోంది. అంచున బంగారు రంగులో సగం అక్షరం ఉంది.

"ఏవండీ, ఇటు రండి. ఇది మన పెళ్ళికార్డు."

మాస్టారు వంగి చూశాడు. "నా పేరులో అక్షరమా, నీ పేరులోదా?"

"జోకులకిది వేళ కాదు. ఈ కార్డు మీద మెరుగు పూత ఉంది. వేడికి అది జారిపోతుంది, గాలి దూరుతుంది. ఈల వినపడిందా మీకు?"

"ఇందాక వినపడింది. మావయ్యకి చెప్పేద్దాం."

"ఏమని? నీకు చెవి పోయిందనా? చెవి మేస్త్రికి?"

పిచ్చుక స్పానర్ అందుకుని రెండు నట్లూ చెరో అరచుట్టు బిగించింది. పెళ్ళికి ముందు వెయ్యిసార్లు పట్టుకున్న స్పానరే, ఈసారి దొంగసొత్తులా అనిపించింది.

తండ్రి మూడు గ్లాసులతో వచ్చాడు. మళ్ళీ కిక్కు కొట్టాడు. బండి లేచింది. యాక్సిలేటర్ వదిలాడు. చప్పుడు మెల్లగా దిగి, కుదురుకుని, గుర్రుమంటూ నిలబడింది. ఆయన అరచెయ్యి ట్యాంకు మీద ఆనించి అలాగే ఉండిపోయాడు.

"గురక! విన్నావా పిచ్చుకా? జెట్టేనన్నానా లేదా? ఇంకో నిమిషం ఓపికపట్టాల్సింది ఇందాక." గ్లాసులోని టీ సగం ఒలికిపోయినా ఆయనకి పట్టలేదు. "అసలు సంగతి చెప్పలేదు కదూ మీకు. మీ పెళ్ళికార్డులు వందకి పైగా మిగిలాయి. పారెయ్యడానికి మనసొప్పలేదు. ఎంత మందం, ఎంత బావుంది కాయితం! ప్యాకింగులు కోసేశా. ఇప్పటికి ఆరు బళ్ళకి. పేటంతా మీ పెళ్ళి తిరుగుతోంది."

మాస్టారు గట్టిగా నవ్వేశాడు. పిచ్చుక కూడా నవ్వింది. ఒక గ్లాసులో టీ ఒలికిపోయింది కదాని ఇద్దరూ ఒకే గ్లాసు పంచుకున్నారు. పోనీలే, ఈ పూటకి నాన్న సంతోషంగా ఉన్నాడు, అంతే చాలు అనుకుంది. ఆరు బళ్ళు అన్న మాట మాత్రం టీతో పాటు దిగలేదు.

గ్లాసులు ఖాళీ అవకముందే ఒక నర్సు బండి నెట్టుకుంటూ వచ్చింది. నలభై దాటిన మనిషి. రోజూ నలభై కిలోమీటర్ల దూరంలోని చిన్న ఆస్పత్రికి వెళ్ళొస్తుంది.

"మేస్త్రీ, ఇది మూడోసారి. మళ్ళీ అదే అరుపు. నాలుగోసారి రావాల్సొస్తే నీకు మందు లేకుండా ఉత్త సూది గుచ్చుతా."

"మందు దొరికిందమ్మా, ఇప్పుడే!" తండ్రి కుర్రాడిలా కదిలాడు. పావుగంటలో పెద్ద జెట్టు వేశాడు, స్క్రూ సరిచేశాడు, కిక్కు కొట్టాడు. పెద్ద జెట్టు పోసే పెట్రోలుకి బండి కాస్త మెత్తబడింది. గొట్టం చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తెరిచాడు. "ఈల లేదు. వెళ్ళిరా."

ఈల ఉంది. ఇందాకటి దానికంటే పదునుగా ఉంది.

నర్సు హెల్మెట్ పెట్టుకుంది. దొంగగాలి పీల్చే ఇంజిన్ లోపల వేడెక్కిపోతుందని, ఒక్కోసారి పరుగులో ఉండగానే పిస్టన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోతుందని పిచ్చుకకి చెప్పింది తండ్రే. అప్పుడామెకి పదేళ్ళు. "ఈల విని కూడా బండి వదిలేసినవాడు మెకానిక్కు కాడు," అని కూడా అన్నాడు.

ఆమె వెళ్ళి హ్యాండిల్ పట్టుకుంది.

"అక్కా, ఆగండి. నాన్నా, ఈల ఉంది."

"లేదే."

"ఉంది నాన్నా."

తండ్రి మళ్ళీ గొట్టం పెట్టాడు. ఒకచోట, ఇంకోచోట, మళ్ళీ మొదటిచోట. రెండో చెవికి మార్చుకున్నాడు. తలెత్తి అల్లుడి వైపు చూశాడు.

"మాస్టారూ, మీరు చెప్పండి. పిచ్చుక నన్ను ఏడిపిస్తోంది కదూ?"

మాస్టారు భార్య వైపు చూశాడు, తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "లేదు మావయ్యా. నాకూ వినపడుతోంది."

"కుక్కరులా సన్నగా వస్తోంది, అదేనా?" అంది నర్సు. "నెల్నుంచీ వస్తోంది. మేస్త్రి విన్నాడుగా, ఈ బండి చప్పుడే అంతేమో అనుకున్నా."

తండ్రి చెయ్యి చాపి ఇంజిన్ ఆపేశాడు. గొట్టం మెడలోనే వేలాడుతోంది. నల్లబండి వైపు వేలు చూపించి అడిగాడు.

"మరి అదెలా కుదిరింది?"

"నువ్వు టీకి వెళ్ళినప్పుడు నట్లు బిగించాను."

"అంటే జెట్టు కాదన్నమాట," అని పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు.

బండి వైపే చూస్తూ మొదలుపెట్టాడు. "నువ్వెళ్ళాక ఇల్లు చప్పుడు లేకుండా పోయింది పిచ్చుకా. కుక్కరు కూత వెయ్యదు. అన్నం రెండుసార్లు మాడింది. రబ్బరు పోయిందేమోనని కొత్తది కొని వేశా. పక్కింటి పిల్ల సైకిలు బెల్లు కొట్టదు. పొద్దున్నే గోడ మీద పిట్టల్లేవు. పిల్ల వెళ్ళిపోయిన ఇల్లు ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నా. మీ అమ్మ పోయినప్పుడూ కొన్నాళ్ళిలాగే ఉంది, తర్వాత అదే సర్దుకుంది. ఇదీ బెంగేనని ఊరుకున్నా."

పిచ్చుక వెళ్ళి ఆయన పక్కన అదే పెట్టె మీద ఇరుక్కుని కూర్చుంది. నర్సు హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చెవి డాక్టరుకి చూపిద్దాం మావయ్యా. మిషన్లున్నాయి," అన్నాడు మాస్టారు.

"చూపిద్దాం బాబూ. మాటలు వినపడాలిగా." తల అడ్డంగా తిప్పాడు. "కానీ మిషను వినిపించినదాన్ని నమ్మి ఒకళ్ళని రోడ్డు మీదికి పంపలేను."

లేచి, పాత అట్టపెట్టెలోంచి అసలు ప్యాకింగ్ షీటు తీసి, కత్తెరతో కోశాడు. చేతులు ఎప్పటిలాగే చకచకా పనిచేశాయి. కోసి, వేసి, బిగించాడు. మళ్ళీ పాత జెట్టే పెట్టాడు. స్క్రూడ్రైవరు మాత్రం కూతురి చేతిలో పెట్టాడు.

"ఈల?"

"లేదు."

"దగ్గు?"

"కొంచెం."

"పావుచుట్టు బయటికి తిప్పు."

ఆయన ఇంజిన్ వైపు చూడటం లేదు. ఆమె ముఖం వైపు చూస్తున్నాడు. ముడిపడ్డ ఆమె కనుబొమ్మలు ఎప్పుడు విచ్చుకుంటాయా అని చూస్తున్నాడు. ఏడుపొచ్చేట్టుంటే ఆయన తప్పుగా చదువుకుంటాడని పిచ్చుక ముఖాన్ని బిగపట్టుకుంది. ఇంకో పావుచుట్టు. బండి గురకలోకి జారింది. "ఆఁ, వచ్చింది," అన్నాడు ఆమెకంటే ముందే.

నర్సు వెళ్ళాక నల్లబండికీ ప్యాకింగ్ మార్చి, పాత జెట్టు పెట్టారు. తర్వాత మిగిలిన నాలుగు బళ్ళవాళ్ళకీ ఆయన తనే ఫోను చేశాడు. "బండి తోలకు. నెట్టుకుంటూ తీసుకురా. తప్పు నాది. నాకు వినపడలేదు." నాలుగుసార్లూ అవే మాటలు. అవతలివాళ్ళు ఏమన్నదీ వినకుండానే పెట్టేశాడు.

"ఈ నాలుగూ నువ్వుండగా చేసేద్దాం. ఇక ఇంజిన్లు ముట్టను," అన్నాడు. "చక్రాలు, బ్రేకులు, చెయిన్లు చూసుకుంటా. కంటికి కనపడేవి చాలు."

"నాలుగురోజులు ఉండిపోతా నాన్నా."

"ఉండి?"

చీకటి పడేలోపు ఆ నాలుగు బళ్ళూ వచ్చాయి. ఒక్కొక్కటే ఆమె విన్నది, ఆయన చూశాడు.

పొద్దున్నే బయల్దేరారు. మాస్టారు రెండో కిక్కుకే బండి లేపి గర్వంగా చుట్టూ చూశాడు. తండ్రి నాలుగడుగుల దూరంలో నిలబడి "ఎలా ఉంది?" అన్నాడు.

"గురకే మావయ్యా."

"అయితే ఇంకేం, వెళ్ళండి. ఎండెక్కుతుంది."

వెనక సీటెక్కి పిచ్చుక మొగుడి నడుం చుట్టూ చెయ్యి వేసింది. జాబితాలోని కబుర్లలో ఒక్కటీ గుర్తులేదు. వీధి మలుపు దగ్గర వెనక్కి తిరిగి గొంతెత్తి అరిచింది. "వెళ్ళొస్తాం నాన్నా!"

తండ్రి అప్పటికే వీధికి వీపు పెట్టి, ఎవరిదో సైకిలు చక్రం ఊడదీస్తూ కూర్చున్నాడు. తిరగలేదు. రెండోసారి అరిచినా తిరగలేదు. మొన్నటిదాకా అయితే, కళ్ళనీళ్ళు దాచుకుంటున్నాడని మురిసిపోయేది.

"ఆపండి," అంది.

దిగి, వీధంతా వెనక్కి నడిచి, ఆయన వీపు దాటి ముందుకొచ్చి, చక్రానికి అవతల గొంతుక్కూర్చుంది. ఆయన చక్రం పుల్లల సందులోంచి ముందు చెప్పులు చూశాడు, తర్వాత తలెత్తాడు.

"ఏం మరిచిపోయావ్?"

"ఏం లేదు. వెళ్ళొస్తాం నాన్నా," అంది నోరు పెద్దగా తెరిచి.

"మంచిది. ఎదురుగానే ఉన్నావుగా, అంత అరవక్కర్లేదు," అన్నాడు ఆమె పెదాల వైపే చూస్తూ.