వంతుకు పడ్డ వచనం

ఆమేన్ బావ మీద, లేతు మిషను మీద ఇనుము కోసుకు బతికే లేతాయనకు ఉన్న కడుపుమంటకు ఈ వానాకాలంతో ఏడాది నిండింది. కక్కలేడు, మింగలేడు. రోజూ పొద్దున్నే ఆ మనిషి ఎదురుగానే చాప మీద కూర్చుని కళ్లు మూసుకోవాలి మరి.

ఆమేన్ బావంటే అక్క మొగుడు. ఎదుటివాళ్ల ప్రార్థన సగంలో ఉండగానే గట్టిగా "ఆమేన్" అనేసి కళ్లు తెరుస్తాడు గనుక సంఘంలో ఆ పేరు పడింది. తన ప్రార్థన మాత్రం కాఫీ చల్లారి పైన మీగడ కట్టేదాకా సాగుతుంది. సంఘ పెద్ద కదా, అడిగేదెవరు?

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నాన్న పెట్టిపోయింది. ఆ రోజుకు ఏర్పాటైన వాక్యభాగాన్ని తలా ఒక వచనం చొప్పున వరసగా చదవాలి. ఎవరి వంతుకు ఏది పడితే అది ఆ రోజుకు వాళ్లది. చదివి ఊరుకుంటే కుదరదు, పొద్దుగూకేలోపు చేసి చూపించాలి. ఉపవాసం మాట పడిన రోజున బావ సాయంత్రం దాకా ఎదురింటి వంట వాసనకు గుటకలు వేస్తూ కూర్చున్నాడు. శత్రువుకు మేలు చెయ్యమని పడితే లేతాయన భార్య పక్కింటావిడకు గిన్నెడు కూర పట్టుకెళ్లి, ఎందుకు తెచ్చిందో కూడా చెప్పింది. "అయితే నేను నీ శత్రువునన్నమాట" అని ఆవిడ ఉన్న కాస్త పలకరింపూ మానేసింది.

లేతాయన చదువు నాలుగో తరగతితో ఆగింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతాడు. అలా చదివేవాడికి మాట లోపలిదాకా దిగబడుతుంది. అదే కొంప ముంచింది.

నాన్న పోయాక ముందు గదులు అక్కకు, పక్క గదీ లేతు షెడ్డూ దాని వెనకున్న ఖాళీ జాగా ఇతనికీ వచ్చాయి. కిందటేడు బావ ఆ జాగాలో సగం అడిగాడు, అక్కకు వంటగది వేయడానికి. సగమిచ్చినా మిషను వైపు సగం మిగిలేది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. ఆలోచించి చెబుతానన్నాడు లేతాయన. మర్నాడు పొద్దున అతని వంతుకు పడింది, అంగీ అడిగినవాడికి పైబట్ట కూడా ఇచ్చెయ్యమన్న వచనం. చదువుతుండగానే చెవులు వేడెక్కాయి. తలెత్తేసరికి బావ ఇతని వంకే చూస్తున్నాడు. సాయంత్రానికల్లా జాగా మొత్తం రాసిచ్చేశాడు.

"మొత్తం ఎందుకు బామ్మర్దీ?" అని ఒక్క మాటన్నాడు బావ, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

వంటగది గోడ వచ్చి మిషను తలకు అడ్డంగా నిలబడింది. పొడుగు షాఫ్టు కడ్డీ కొనకు మరలు కొయ్యాలంటే దాన్ని మిషను తల గుండా దూర్చాలి. పని జరిగే కొన ఇవతల ఉంటే మిగతా పొడవంతా వెనక్కి పొడుచుకొచ్చి తిరుగుతుంది. అంతకుముందు అది రేకు సందులోంచి ఖాళీ జాగాలోకి పోయేది. ఇప్పుడు గోడకు కొట్టుకుంటుంది. పొడుగు పనులన్నీ పోయాయి. బోల్టులు, బుష్షులు మిగిలాయి. వాటితో టీ నీళ్ల ఖర్చు కూడా రాదు. పాత స్నేహం కొద్దీ పంపుల మేస్త్రీ ఒక్కడే షాఫ్టులు తెచ్చి షెడ్డులో పడేసి ఎదురుచూస్తున్నాడు.

లేతాయన అడిగింది పెద్ద కోరికేం కాదు. వంటగది గోడకు పిడికిలి పట్టేంత కన్నం. అవతల వంట గట్టు కింద, గిన్నె కూడా పెట్టని మూలలో, షాఫ్టు తిరగడానికి ఒక ఇనుప గొట్టం. ఎన్నిసార్లు అడిగినా బావది ఒకటే పాట.

"దేవుడు చెప్పనీ బామ్మర్దీ. నాదేముంది?"

ఒక మధ్యాహ్నం పని లేక స్టూలు మీద కూర్చుని, తన నెత్తిన పైబట్ట వచనం పడ్డ ఆ రోజు వరస గుర్తు చేసుకున్నాడు. మొదట బావ, తర్వాత అక్క, తను, తన భార్య. ఆ రోజుది చిన్న భాగం. మళ్లీ బావతో ముగిసింది. బావకు చివర పడిందేమిటి? భార్యను పిలిచి చదివించాడు. అడిగినవాడికి ఇవ్వమని.

"ఓసి దీని దుంప తెగ! ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదే!"

"మీరే అడిగుండాల్సింది" అంది భార్య. "ఇచ్చేసి కూర్చున్నారు."

ఏటా అదే రోజుకు అదే భాగం వస్తుంది. మేస్త్రీని అప్పటిదాకా ఆగమన్నాడు. "దేవుడికి కూడా డేటు ఇచ్చేశావా? సరే, ఆ మర్నాడొస్తా. కాకపోతే వేరే చోటికి పట్టుకుపోతా" అన్నాడు మేస్త్రీ. ఏడాదిగా చచ్చుపడిన ప్రార్థన లేతాయన నోట్లో ఆ రోజుల్లో కాస్త కదిలింది.

ఆ పొద్దు రానే వచ్చింది. వరస తప్పలేదు. పైబట్ట మాట మళ్లీ తనకే పడింది. ఇవ్వడానికి ఒంటి మీద ఏమీ మిగల్లేదని నవ్వొచ్చింది. చివరి వచనం బావ వణికే గొంతుతో, కంట తడి పెట్టి మరీ చదివాడు. ముగింపు ప్రార్థన అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. లేతాయన తను అడగబోయే మాటను నాలుక మీద తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"ఆమేన్" అన్నాడు బావ.

లేతాయన గొంతు సవరించుకున్నాడు.

"ఏవండీ, నేనొకటి అడుగుతున్నా" అంది అక్క. "నా వంటగది గోడ జోలికి ఎవర్నీ రానివ్వకండి."

"అడిగావు. ఇచ్చాను."

"బావా, నేనూ అడుగుతున్నా. ఆ గోడకే, పిడికెడు కన్నం..."

"ఇచ్చిందాన్ని మళ్లీ ఎలా ఇస్తాను బామ్మర్దీ? వాక్యం ముందు మాట తప్పమంటావా?"

"వదినా, మా పొట్ట కొట్టకండి" అంది లేతాయన భార్య.

"నిన్న నా గట్టు కింద నువ్వు జానతో కొలుస్తుంటేనే అనుకున్నానమ్మా. నూనె కారేది ఎవరి బియ్యం మీద? కడ్డీ తిరుగుతుంటే ఎగిరేది ఎవరి గిన్నెలు?" అక్క తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే తమ్ముడూ, ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ గదొక్కటేరా. అదీ నువ్విచ్చిందే. ఆ రోజు ఎంత ఏడ్చానో నీకు తెలీదు. ఇచ్చి మళ్లీ లాక్కోకురా."

బావను తిట్టడానికి లేతాయన ఏడాది పొడుగునా పోగేసుకున్న మాటలేవీ అక్కకు సరిపోవు. లేచి చాప మడిచాడు. ఎప్పుడూ మడిచేది అతనే.

మర్నాడు మేస్త్రీ బండి తెచ్చి షాఫ్టులు ఎక్కించుకున్నాడు. "ఏమయ్యా, దేవుడేమన్నాడు?" అని అడగబోయి, మొహం చూసి ఆగిపోయాడు. నెల తిరక్కుండానే మిషను కూడా తూకానికి పోయింది. ఇప్పుడు లేతాయన ఎవరిదో షెడ్డులో కూలికి బోల్టులు కోస్తున్నాడు. పొద్దున్నే చాప మీద కూర్చుంటాడు. వంతు వస్తే దుకాణం బోర్డు చదివినట్టు చదివి పక్కకు అందిస్తాడు. ఈ రోజు నీకేం పడిందని సాయంత్రం భార్య అడిగితే గుర్తుండదు.

దేవుడి మాట విని ఆ మనిషి పోగొట్టుకున్నది తొమ్మిది అడుగుల వెడల్పు, ఇరవై రెండు అడుగుల పొడవు ఉన్న జాగా.