వేలెత్తే చోటు

క్లబ్బు సెక్రటరీ గారు నవ్వుతూ కొత్త గ్రామఫోన్ రికార్డు చేతిలో పెట్టేసరికి సూది బాబాయ్ గుండెల్లో రాయి పడింది.

"మన పళ్ళ డాక్టరమ్మ ఎక్కడినుంచో తెప్పించింది బాబాయ్. సీలు కూడా విప్పలేదు. ఇవాళ మాస్టారి సన్మానంలో ఇదే వెయ్యాలి."

"పాతదుంది కదండీ... అలవాటైన రికార్డు..." అని నసిగాడు బాబాయ్.

"అదీ మీ మోకాళ్ళూ ఒకేలా కిర్రుమంటున్నాయి. దానికి రిటైర్మెంట్ ఇచ్చేద్దురూ!" అంటూ ఆయన కుర్చీలు వేయించడానికి వెళ్ళిపోయాడు.

బాబాయ్ వృత్తి గడియారాల రిపేరు. జాజ్ అభిమానుల క్లబ్బులో రికార్డులు తుడిచేదీ, ప్లేయర్‌కి సూదులు మార్చేదీ ఆయనే కాబట్టి చిన్నా పెద్దా అందరికీ సూది బాబాయ్ అయిపోయాడు. మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారేమీ కాదు. నలభై ఏళ్ళుగా పత్రికలో జాజ్ గురించి రాస్తున్న విమర్శకుడు. ఆయన బాగుందన్న రికార్డు కోసం జనం ఊళ్ళు తిరిగేవారు. ఆయన పెదవి విరిస్తే ఇంట్లో ఉన్నది కూడా అటకెక్కేది.

ఆయన రాసినవన్నీ ఒక ఎత్తు, ఇరవై రెండేళ్ళ కిందటి ఒక్క వ్యాసం ఒక ఎత్తు. "మూడో పాట మధ్యలో డ్రమ్మర్ కర్రతో టక్‌మని ఒక్క దెబ్బ వేస్తాడు. అంతే, ట్రంపెట్ అనబోయిన మాట సగంలో వదిలేసి అవతలి గట్టుకి దూకుతుంది. అంత తెగింపు నేనెక్కడా వినలేదు" అని రాశారు. ఆ వ్యాసం చదివి ఏడ్చినవాళ్ళున్నారు. క్లబ్బు పుట్టిందే దాని మీద. ఇంకో కాపీ ఎవరికీ దొరకలేదు కాబట్టి ప్రతి ఏడూ వార్షికోత్సవంలో మాస్టారు విన్న ఆ రికార్డే వేస్తారు. టక్‌మనే చోటు రాగానే హాలంతా చూపుడువేలు పైకెత్తుతుంది.

ఆ టక్‌మన్నది కర్ర కాదు. ఆ రికార్డు మాస్టారికి వినమని ఇచ్చింది బాబాయే. ఇచ్చే ముందురోజు సూది మారుస్తుంటే చేతిలోని బుల్లి స్క్రూడ్రైవర్ జారి రికార్డు మీద గీత పడింది. అక్కడికి రాగానే సూది టక్‌మని ఎగిరి పక్క గాడిలో పడుతుంది. సిగ్గేసి చెప్పకుండానే ఇచ్చేశాడు. వారం పోయాక చెబుదాంలే అనుకున్నాడు. వారం పోయేసరికి వ్యాసం అచ్చయింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం మాస్టారింట్లో ఇద్దరూ కూర్చుని పాటలు వింటారు. ప్రతి ఆదివారం చెప్పబోతాడు, కాఫీతో పాటు ఆ మాటా మింగేస్తాడు. ఇప్పుడు చెబితే మాస్టారి పరువు పోతుందన్న భయం ఒకటి, ఆ ఆదివారాలు పోతాయన్న భయం ఇంకొకటి. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ.

సీలు విప్పాడు. కొత్త రికార్డు నల్లగా నిగనిగలాడుతోంది. చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. అదే చోట, అంతే గీత. అర నిమిషం పని. పాపం, డాక్టరమ్మ జీతం కూడబెట్టి తెప్పించుకుని ఉంటుంది. అయినా స్క్రూడ్రైవర్ బయటికొచ్చింది. ముప్పై ఏళ్ళుగా వెంట్రుకంత స్ప్రింగులు బిగించిన చెయ్యి మూడో పాట గాడి వెతికింది. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బాబాయ్ చటుక్కున స్క్రూడ్రైవర్ జేబులో పడేశాడు.

నాలుగింటికి లైబ్రరీ మేడ మీది హాలు నిండిపోయింది. ముందు వరసలో మాస్టారు, ఉతికిన కోటులో, మొహమాటంగా కూర్చున్నారు. పొగడ్తలు అయ్యాయి. బాబాయ్ సూది దించాడు. మూడో పాట మొదలైంది. చెమట కళ్ళలోకి దిగుతున్నా తుడుచుకునే ధైర్యం లేదాయనకి. ఇంకో మెలిక, ఇంకొకటి, ఇదిగో...

నలభై వేళ్ళు పైకి లేచాయి.

టక్‌మనలేదు. ట్రంపెట్ ఎక్కడికీ దూకలేదు. అనబోయిన మాట నింపాదిగా పూర్తి చేసి ముందుకు నడిచింది. వేళ్ళు అలాగే గాలిలో ఉండిపోయాయి.

"ఇదేంటి? కంపెనీవాళ్ళు కత్తిరించేశారు!" అని ఎవరో అరిచారు.

"నకిలీ సరుకు అంటగట్టుంటారు."

పళ్ళ డాక్టరమ్మ లేచింది. క్లబ్బులో చేరి రెండు నెలలే అయింది. "నాకు ఇదే సరిగ్గా ఉందనిపించిందండీ. చేరిన కొత్తలో పాతది విన్నప్పుడే అక్కడేదో తెగినట్టు..."

హాలు గొల్లుమంది. "అమ్మాయ్, మాస్టారి చెవులకే పన్ను పీకుతావా?"

ఆమె ముఖం మాడిపోయింది. "నాకే సరిగ్గా వినపడలేదేమోలెండి" అంటూ కూర్చుంది.

ఆ మాట బాబాయ్‌కి చెంపదెబ్బలా తగిలింది. ఇంతమందిలో సరిగ్గా విన్నది ఆ ఒక్క పిల్లే. తన మూలాన ఆమె తన చెవుల్నే అనుమానించుకుంటోంది. ప్లేయర్ పక్క బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"ఆవిడ విన్నదే కరెక్టు. పాతదానిమీద గీత ఉంది. స్క్రూడ్రైవర్ జారి నేనే పెట్టాను. మాస్టారికి ఇవ్వకముందే."

ఇంకా గాలిలో ఉన్న ఒకటి రెండు వేళ్ళు దిగిపోయాయి. మాస్టారు, "మళ్ళీ వెయ్యి" అన్నారు.

వేశాడు. మాస్టారు కళ్ళు మూసుకుని మొదటినుంచి చివరిదాకా విన్నారు. "ఎంత బాగుందీ!" అన్నారు మెల్లగా. తర్వాత పళ్ళ డాక్టరమ్మ వైపు తిరిగి, "నువ్వు విన్నావమ్మా. నేను వినలేదు. రేపే ఆ మాట రాస్తాను" అన్నారు.

అప్పుడు బాబాయ్ వైపు చూశారు. తిడతారనుకుని బాబాయ్ తల దించుకున్నాడు.

"వ్యాసం పోతే పోయింది కానీ, ఒక్కటి చెప్పవోయ్. ఇన్ని ఆదివారాలు నా పక్కన కూర్చుని నువ్వు పాట విన్నావా, నన్ను చూసి భయపడ్డావా?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాడు బాబాయ్. నోరు రాలేదు.

"భయపడ్డాను మాస్టారూ."

మాస్టారు, "అయితే ఇన్ని ఆదివారాలూ నేనొక్కణ్ణే కూర్చుని విన్నానన్నమాట" అన్నారు.